పాత ట్రాక్టరుకు సరైన మాన్యువల్: పేరు చాలదు, నంబరు కావాలి

ఇంగ్లండ్‌లో 1956లో ఫెర్గూసన్ 35 అనే ట్రాక్టరు మార్కెట్లోకి వచ్చింది. కొద్ది కాలానికే దాని పేరు మెస్సీ ఫెర్గూసన్ 35గా మారింది. మన దేశంలో మద్రాసు కేంద్రంగా ఏర్పడిన టాఫే కంపెనీ తయారుచేసిన 1035 ట్రాక్టరుకు మూలం ఈ నమూనాయే. బయటి నుంచి చూస్తే 35 అంటే ఒకటే ట్రాక్టరు. బానెట్ ఎత్తితే మాత్రం సంగతి వేరు. బ్రిటన్‌లో తయారైన వాటిలో కొన్నింటికి స్టాండర్డ్ కంపెనీ పెట్రోలు ఇంజిన్ ఉంటుంది. కొన్నింటికి కిరోసిన్‌ను పోలిన ఇంధనంతో నడిచే ఇంజిన్ ఉంటుంది. మరికొన్నింటికి అదే కంపెనీ నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ బిగించారు. 1959 చివరి నుంచి డీజిల్ రకానికి పెర్కిన్స్ కంపెనీ మూడు సిలిండర్ల ఇంజిన్ అమర్చడం మొదలైంది. అమెరికాలో అమ్మిన పెట్రోలు 35లకు కాంటినెంటల్ ఇంజిన్ ఉండేది.

ఇప్పుడు ఎవరైనా "35 మాన్యువల్ కావాలి" అని అడిగితే వీటిలో ఏ ఇంజిన్ పుస్తకమైనా చేతికి రావచ్చు. అట్ట మీద పేరు ఒకటే, లోపలి అంకెలు మాత్రం వేరు. వాల్వుల మధ్య ఖాళీ, హెడ్ బోల్టుల బిగింపు, డీజిల్ పంపు టైమింగ్, బేరింగ్ సైజు అన్నీ మారిపోతాయి. తప్పు పుస్తకాన్ని నమ్మి పని చేస్తే గాస్కెట్ కాలిపోవచ్చు, వాల్వు కాలిపోవచ్చు, బేరింగ్ పట్టేయవచ్చు. నాట్ల వేళ ట్రాక్టరు షెడ్డులో ఆగిపోతే నష్టం మరమ్మతు ఖర్చుతో పోదు. అదను తప్పుతుంది. అందుకే సరైన మాన్యువల్ కోసం వెతకడం పాత యంత్రాల మీద మోజున్నవారి వ్యాపకం మాత్రమే కాదు, పాత ట్రాక్టరుతో ఇంకా సేద్యం చేస్తున్న రైతుకూ దాన్ని బాగుచేసే మెకానిక్‌కూ నిత్యావసరం.

ఎన్ని దేశాల యంత్రాలో

1951లో దేశం మొత్తం మీద ఉన్న ట్రాక్టర్లు సుమారు 8,600. అన్నీ దిగుమతి చేసుకున్నవే. స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాల్లో మధ్య భారతంలో రెల్లు గడ్డి ఆక్రమించిన లక్షల ఎకరాలను సాగులోకి తేవడానికి కేంద్ర ప్రభుత్వం భారీ ట్రాక్టర్లను దింపింది. అందుకు కావలసిన యంత్రాల కోసం 1949లో ప్రపంచ బ్యాంకు కోటి డాలర్ల రుణం ఇచ్చింది. 1956లో రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో సోవియట్ యూనియన్ ఇచ్చిన యంత్రాలతో పెద్ద యాంత్రిక వ్యవసాయ క్షేత్రం ఏర్పడింది.

దేశంలో తయారీ ఆ తర్వాత మొదలైంది. 1959లో ఫరీదాబాద్‌లో జర్మన్ సాంకేతికతతో ఐషర్ ట్రాక్టరు తయారైంది. మద్రాసులో టాఫే బ్రిటిష్ మెస్సీ ఫెర్గూసన్‌తో చేతులు కలిపింది. బొంబాయిలో మహీంద్రా, వోల్టాస్, అమెరికాకు చెందిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కలిసి 1963లో ఒక సంస్థను ఏర్పరచి బి-275 ట్రాక్టరును తెచ్చాయి. ఎస్కార్ట్స్ మొదట పోలెండ్‌కు చెందిన ఉర్సుస్‌తోనూ, తర్వాత ఫోర్డ్‌తోనూ ఒప్పందాలు చేసుకుంది. ప్రభుత్వ రంగంలోని హెచ్‌ఎంటీ 1971లో హర్యానాలోని పింజోర్‌లో చెక్ దేశపు జెటార్ నమూనాతో తయారీ ప్రారంభించింది. 1974లో వచ్చిన స్వరాజ్ 724 మాత్రం దుర్గాపూర్‌లోని కేంద్ర మెకానికల్ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ మన దేశంలోనే రూపొందించిన ట్రాక్టరు.

దీని పర్యవసానం మెకానిక్ బల్ల మీద కనిపిస్తుంది. ఒకే ఊరిలో ఇంగ్లిష్ అంగుళాల ట్రాక్టరు, చెక్ మిల్లీమీటర్ల ట్రాక్టరు, జర్మన్ డిజైన్ ట్రాక్టరు పక్కపక్కనే దున్నాయి. ఒక్కోదాని మాన్యువల్‌లో కొలతల పద్ధతి వేరు, భాగాల పేర్లు వేరు. పైగా కాలక్రమంలో పేర్లు కొనసాగినా లోపలి యంత్రాలు మారాయి. మహీంద్రా తొలి బి-275లో నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఉండేది. తర్వాతి కాలపు 275 డీఐలో ఉన్నది మూడు సిలిండర్ల ఇంజిన్. రెండింటి పేరులోనూ 275 ఉంది, కానీ ఒకదాని పుస్తకం రెండోదానికి పనికిరాదు.

ఆ అంకెల వెనుక ఉన్న శాస్త్రం

అనుభవం ఉన్న మెకానిక్‌కు పుస్తకం ఎందుకు అన్న ప్రశ్న సహజం. చెవితో విని, చేత్తో తాకి లోపం పట్టుకోగల నేర్పు నిజంగానే గొప్పది. అయితే కొన్ని విషయాలు చెవికీ చేతికీ అందవు.

సిలిండర్ హెడ్‌ను బిగించే బోల్టును చూద్దాం. బిగించే కొద్దీ బోల్టు స్ప్రింగులా కొద్దిగా సాగుతుంది. ఆ సాగిన బోల్టు వెనక్కి లాగే బలమే హెడ్‌ను బ్లాకుకు అదిమి పట్టి గాస్కెట్ గుండా వాయువులు, నీళ్లు బయటకు పోకుండా ఆపుతుంది. తక్కువ బిగిస్తే గాస్కెట్ లీకవుతుంది. ఎక్కువ బిగిస్తే బోల్టు తన సాగే పరిమితి దాటి తిరిగి మామూలు స్థితికి రాదు, లేదా తెగిపోతుంది. మనం స్పానర్ మీద పెట్టే శ్రమలో సుమారు పదో వంతు మాత్రమే బోల్టును సాగదీయడానికి ఉపయోగపడుతుంది. మిగిలినదంతా బోల్టు తల కింద, థ్రెడ్‌ల మధ్య రాపిడికే పోతుంది. అందుకే పొడి బోల్టుకు చెప్పిన బిగింపును నూనె రాసిన బోల్టుకు వాడితే రాపిడి తగ్గి బోల్టు అవసరానికి మించి సాగుతుంది. మాన్యువల్‌లో "నూనె రాసి బిగించాలి" అనే చిన్న వాక్యం ఉందా లేదా అన్నది కూడా ముఖ్యమే. బోల్టులను ఏ వరుసలో బిగించాలో చూపే బొమ్మ ఉండేది కూడా ఇందుకే. మధ్య నుంచి అంచులకు, దశలవారీగా బిగిస్తేనే హెడ్ వంకర పోకుండా సమానంగా కూర్చుంటుంది.

వాల్వు ఖాళీ సంగతీ అంతే. ఇంజిన్ వేడెక్కితే వాల్వు కాడ పొడవు పెరుగుతుంది. ఆ పెరుగుదలకు చోటు వదలకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, మండే వాయువులు దాని అంచును కాల్చేస్తాయి. ఎక్కువ చోటు వదిలితే టకటక శబ్దం, అరుగుదల. 0.012 అంగుళం అంటే 0.3 మిల్లీమీటరు, మూడు నాలుగు కాగితాల మందం. అది ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూడవలసిన కొలతా, వేడిగా ఉన్నప్పుడు చూడవలసినదా అన్నది పుస్తకమే చెప్పాలి.

డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ పైకి వస్తూ గాలిని బాగా నొక్కినప్పుడు ఆ గాలి వేడికే డీజిల్ మండుతుంది. పిస్టన్ పైకొనకు చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు డీజిల్ చిమ్మాలన్నది ఇంజిన్ రూపకల్పనను బట్టి నిర్ణయమవుతుంది. మరీ ముందైతే ఇంజిన్ కొట్టుకుంటుంది. ఆలస్యమైతే పొగ, వేడి పెరిగి బలం తగ్గుతుంది. ఈ కోణాన్ని మరో ఇంజిన్ పుస్తకం నుంచి అరువు తెచ్చుకోవడం కుదరదు.

ఒకటి కాదు, మూడు పుస్తకాలు

మాన్యువల్ అని ఒకే మాట వాడుతున్నా పాత కంపెనీలు సాధారణంగా మూడు రకాల పుస్తకాలు అచ్చు వేసేవి.

మొదటిది ట్రాక్టరుతో పాటు రైతు చేతికి వచ్చే వాడకం పుస్తకం. గేర్లు, లివర్లు, గ్రీజు పాయింట్లు, ఎన్ని గంటలకు ఏ ఆయిల్ మార్చాలి, టైర్లలో గాలి ఎంత, పీటీఓ దగ్గర తీసుకోవలసిన జాగ్రత్తలు ఇందులో ఉంటాయి. రెండోది డీలరు వర్క్‌షాపు కోసం ముద్రించిన సర్వీస్ పుస్తకం. విప్పే క్రమం, బిగింపు అంకెలు, అరుగుదల పరిమితులు ఇక్కడ దొరుకుతాయి. మూడోది విడిభాగాల పట్టిక. ప్రతి భాగాన్నీ విడదీసి గాలిలో వేలాడుతున్నట్టు చూపే బొమ్మలు, వాటి పక్కన పార్ట్ నంబర్లు ఉంటాయి.

చాలామందికి సర్వీస్ పుస్తకమే కావాలనిపిస్తుంది. విడిభాగాల పట్టిక విలువ తరచూ తెలియకుండా పోతుంది. ఏ వాషర్ ఏ వైపు రావాలి, ఏ సీరియల్ నంబరు నుంచి కంపెనీ పాత భాగం మాని కొత్త భాగం వాడింది అన్న వివరాలు చాలాసార్లు అందులోనే ఉంటాయి. వీటికి తోడు ఇంజిన్‌కు, డీజిల్ పంపుకు, డైనమోకు వేరువేరు పుస్తకాలు ఉండవచ్చు, ఎందుకంటే వాటిని తయారుచేసినవి చాలాసార్లు వేరే కంపెనీలు. ట్రాక్టరు పుస్తకం దొరకకపోయినా ఇంజిన్ కంపెనీ పుస్తకం దొరికితే సగం పని అయినట్టే.

యంత్రమే చెప్పే ఆనవాళ్లు

వెతుకులాట లైబ్రరీలో కాదు, ట్రాక్టరు దగ్గర మొదలవ్వాలి. చేతిలో కిరోసిన్ గుడ్డ, వైరు బ్రష్, టార్చి, నోటుపుస్తకం ఉంటే చాలు. మట్టి, గ్రీజు, మీద మీద వేసిన రంగుల పొరల కింద నాలుగు రకాల ఆనవాళ్లు దొరుకుతాయి.

మొదటిది ట్రాక్టరు సీరియల్ నంబరు పలక. ఫెర్గూసన్ టీఈ20 ట్రాక్టర్లు 1946 నుంచి 1956 వరకు ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో 5 లక్షలకు పైగా తయారయ్యాయి. వాటి నంబరుకు ముందున్న అక్షరాలే ఇంధనాన్ని చెబుతాయి. టీఈఏ అంటే పెట్రోలు, టీఈడీ అంటే కిరోసిన్ రకం ఇంధనం, టీఈఎఫ్ అంటే డీజిల్.

రెండోది ఇంజిన్ నంబరు. ఇది బ్లాకు మీద పోగరతో కొట్టి గానీ, చిన్న పలక మీద గానీ ఉంటుంది. ఇంజిన్ రకం పేరులోనే కొంత సమాచారం దాగి ఉంటుంది. పెర్కిన్స్ 3.152 అంటే 3 సిలిండర్లు, 152 ఘనపు అంగుళాల పరిమాణం, అంటే సుమారు 2.5 లీటర్లు. బి-275కు వాడిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్ బీడీ-144లో 144 కూడా ఘనపు అంగుళాలే, సుమారు 2.36 లీటర్లు.

మూడోది పోత పోసినప్పుడే ఇనుములో ఉబ్బెత్తుగా వచ్చిన అంకెలు. ఇవి ఆ భాగం అచ్చు నంబరును, కొన్నిసార్లు పోత తేదీని తెలుపుతాయి. అచ్చు నంబరూ విడిభాగం నంబరూ ఒకటే కానవసరం లేదు. ఒకే పోత ముక్కను వేరువేరుగా చెక్కి రెండు మోడళ్లకు వాడిన సందర్భాలు ఉన్నాయి. అందుకే పోత నంబరును మాత్రమే పట్టుకుని నిర్ణయానికి రాకూడదు.

నాలుగోది తేదీ సంకేతం. బ్రిటన్, అమెరికాల్లో తయారైన ఫోర్డ్ 3000 వంటి ట్రాక్టర్ల మీద ఒక అంకె, ఒక అక్షరం, తేదీ, మళ్లీ ఒక అక్షరం ఉండే సంకేతం కనిపిస్తుంది. మొదటి అంకె సంవత్సరంలోని చివరి అంకె. ఆ తర్వాతి అక్షరం నెల. చివరి అక్షరం షిఫ్టు. ఇక్కడ ఒక చిక్కుంది. మొదటి అంకె 5 అయితే అది 1965 కావచ్చు, 1975 కావచ్చు. ఫోర్డ్ 3000 తయారైన కాలం సరిగ్గా ఆ రెండు సంవత్సరాల మధ్యదే. అప్పుడు సీరియల్ నంబరుతో పోల్చి తేల్చుకోవాలి.

ఈ ఆనవాళ్లన్నీ ఒకే సంగతి చెప్పకపోతే కంగారు పడనక్కర్లేదు. యాభై ఏళ్ల ట్రాక్టరుకు ఎక్కడో ఒకచోట ఇంజిన్ మారి ఉండవచ్చు. గేర్‌బాక్సు ఒక సంవత్సరానిది, ఇంజిన్ మరో సంవత్సరానిది కావచ్చు. అలాంటి ట్రాక్టరుకు ఒకే మాన్యువల్ సరిపోదు. ఇంజిన్‌కు ఒకటి, వెనుక భాగానికి మరొకటి కావాలి. రిజిస్ట్రేషన్ పుస్తకంలో రాసిన ఇంజిన్, ఛాసిస్ నంబర్లతో యంత్రం మీదున్న వాటిని పోల్చి చూస్తే ఈ మార్పు బయటపడుతుంది.

కొలతల దగ్గర జాగ్రత్త

సరైన పుస్తకం దొరికినా చదవడంలో పొరపాటు జరిగే అవకాశం ఉంది. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది, 1958 నుంచి దశలవారీగా అమలైంది. కానీ ఇక్కడికి వచ్చిన ట్రాక్టర్ల పుస్తకాలు తమ సొంత దేశాల కొలతలతోనే వచ్చాయి.

గ్యాలన్ అనే మాటనే చూడండి. బ్రిటిష్ గ్యాలన్ 4.546 లీటర్లు, అమెరికన్ గ్యాలన్ 3.785 లీటర్లు. "వెనుక భాగంలో 8 గ్యాలన్లు పోయాలి" అని ఉంటే బ్రిటిష్ లెక్కలో 36.4 లీటర్లు, అమెరికన్ లెక్కలో 30.3 లీటర్లు. తేడా 6 లీటర్లు. కాబట్టి పుస్తకం ఏ దేశంలో అచ్చయిందో ముందుగా చూడాలి.

బిగింపు అంకెల్లో ప్రమాదం ఇంకా ఎక్కువ. పాత బ్రిటిష్, అమెరికన్ పుస్తకాల్లో పౌండ్-అడుగు, యూరప్ పుస్తకాల్లో కిలోగ్రామ్-మీటరు, ఇప్పటి టార్క్ రెంచ్‌ల మీద న్యూటన్-మీటరు. 60 పౌండ్-అడుగులు అంటే సుమారు 81 న్యూటన్-మీటర్లు. రెంచ్‌ను పొరపాటున 60 న్యూటన్-మీటర్ల దగ్గర పెడితే బోల్టు కావలసిన దానిలో నాలుగింట మూడు వంతులే బిగుస్తుంది. హెడ్ అప్పటికి గట్టిగానే కూర్చున్నట్టు అనిపిస్తుంది. పొలంలో బరువు పడ్డాక గాస్కెట్ పోతుంది.

బోల్టుల సంగతి మరీ తికమక. బ్రిటన్‌లో చాలాకాలం వాడుకలో ఉన్న విట్‌వర్త్ థ్రెడ్ కోణం 55 డిగ్రీలు. బ్రిటన్, అమెరికా, కెనడా 1948లో అంగీకరించిన యూనిఫైడ్ థ్రెడ్ కోణం 60 డిగ్రీలు. అరంగుళం విట్‌వర్త్ బోల్టుకు అంగుళానికి 12 థ్రెడ్‌లు ఉంటే అదే సైజు యూనిఫైడ్ ముతక బోల్టుకు 13. ఇవి ఒకదానిలో ఒకటి కొన్ని చుట్లు ఎక్కి పట్టేస్తాయి. మూడు బై ఎనిమిది అంగుళం సైజులో రెండింటికీ 16 థ్రెడ్‌లే కాబట్టి బోల్టు పూర్తిగా ఎక్కుతుంది, కానీ కోణం తేడా వల్ల థ్రెడ్‌లు ఒకదానికొకటి సరిగ్గా ఆనవు. విడిభాగాల పట్టికలో బోల్టు రకం చూసుకోకుండా డబ్బాలో దొరికిన బోల్టు బిగించడం వల్ల పోత ఇనుములోని పాత రంధ్రాలు పాడవుతాయి.

విద్యుత్ సంగతి కూడా ఒక మాట చెప్పుకోవాలి. ఇప్పటి వాహనాల్లో బ్యాటరీ నెగటివ్‌ను బాడీకి కలుపుతారు. 1950ల నాటి అనేక బ్రిటిష్ ట్రాక్టర్లలో పాజిటివ్‌ను బాడీకి కలిపేవారు. పుస్తకంలోని వైరింగ్ బొమ్మ చూడకుండా ఇప్పటి అలవాటు ప్రకారం బ్యాటరీ కలిపితే డైనమో, మీటర్లు దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఆయిల్ పేర్లు మారాయి

పాత పుస్తకంలో చెప్పిన ఆయిల్ అదే పేరుతో నేటి దుకాణంలో దొరకదు. కంపెనీల వ్యాపార పేర్లు పోయాయి, వర్గీకరణ కూడా మారింది. డీజిల్ ఇంజిన్ ఆయిళ్లకు ఒకప్పుడు డీజీ, డీఎం, డీఎస్ అనే తరగతులు ఉండేవి. 1970 ప్రాంతంలో వాటి స్థానంలో సీఏ, సీబీ, సీసీ, సీడీ వచ్చాయి. ఆ తర్వాత వాటికీ కొత్త తరగతులు వచ్చాయి. చిక్కదనం చెప్పే ఎస్‌ఏఈ అంకెలు మాత్రం పాత పుస్తకాన్నీ నేటి డబ్బానూ కలిపే వంతెనగా మిగిలాయి. అయితే ఇంజిన్ ఆయిల్‌కూ గేర్ ఆయిల్‌కూ ఎస్‌ఏఈ స్కేళ్లు వేరు. ఎస్‌ఏఈ 90 గేర్ ఆయిల్ ఎస్‌ఏఈ 50 ఇంజిన్ ఆయిల్ కంటే బాగా చిక్కగా ఉంటుందనుకోవడం పొరపాటు. రెండూ దాదాపు ఒకే చిక్కదనంలో ఉంటాయి.

ఫెర్గూసన్ వంశానికి చెందిన ట్రాక్టర్లలో హైడ్రాలిక్ పంపు వెనుక గేర్ల ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. గేర్లకూ, నాగలిని లేపే పంపుకూ ఒకే ఆయిల్. గేర్లకు మంచిదని మరీ చిక్కటిది పోస్తే పంపు సరిగ్గా పీల్చుకోలేదు. అలాగే కొన్ని గేర్ ఆయిళ్లలో కలిపే గంధకం సమ్మేళనాలు వేడెక్కినప్పుడు ఇత్తడి, కంచు బుష్‌లను తినేస్తాయి. పుస్తకం ఏ రకం ఆయిల్ అడిగిందో తెలిస్తేనే నేటి ఆయిళ్లలో దానికి సమానమైనది ఎంచుకోగలం.

ఎక్కడ వెతకాలి

నంబర్లు చేతిలో ఉన్నాక మొదట అడగవలసింది కంపెనీనే, లేదా ఆ కంపెనీకి వారసురాలిని. బి-275 తయారుచేసిన సంస్థ 1977లో మహీంద్రాలో కలిసిపోయింది. స్వరాజ్ తయారుచేసిన పంజాబ్ ట్రాక్టర్స్ కూడా తర్వాత మహీంద్రా చేతికే వచ్చింది. ఐషర్ ట్రాక్టర్ల వ్యాపారం 2005లో టాఫేకు చేరింది. ఫోర్డ్ ట్రాక్టర్ల వారసత్వం విదేశాల్లో న్యూ హాలండ్‌కు వెళ్లింది. హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల విభాగాన్ని మూసివేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. అలాంటప్పుడు మూల నమూనా అయిన జెటార్ పుస్తకాలు ఆధారం అవుతాయి.

జెటార్ విషయంలో మరో వెసులుబాటు ఉంది. ఆ కంపెనీ 1960లలో రెండు, మూడు, నాలుగు సిలిండర్ల ట్రాక్టర్లను ఒకే కుటుంబంగా రూపొందించింది. అనేక భాగాలు వాటికి ఉమ్మడి. కాబట్టి ఒక మోడల్ పుస్తకం దొరకకపోతే దాని అన్నదమ్ముల పుస్తకం కొంతవరకు దారి చూపుతుంది. అయితే ఉమ్మడి భాగాలకే ఆ పుస్తకాన్ని నమ్మాలి, అదీ పార్ట్ నంబర్లు సరిపోల్చుకున్నాకే.

రెండో చోటు పరీక్షా నివేదికలు. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం 1919లో ఒక చట్టం చేసింది. ట్రాక్టరు అమ్మాలంటే ముందు రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పరీక్షకు నిలబడాలి, విడిభాగాలు అందుబాటులో ఉంచాలి. పనికిరాని ట్రాక్టర్లు కొని నష్టపోయిన ఒక రైతు శాసనసభ్యుడై ఆ చట్టం కోసం పట్టుబట్టాడు. 1920 నుంచి జరిగిన ఆ పరీక్షల నివేదికలు ఇప్పటికీ ఎవరైనా చూడవచ్చు. మన దేశంలో ఇలాంటి పని మధ్యప్రదేశ్‌లో నర్మద ఒడ్డున ఉన్న బుద్నీ సంస్థ చేస్తోంది. దక్షిణాదిలో అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది.

పరీక్షా నివేదిక మరమ్మతు పుస్తకం కాదు. విప్పే క్రమం అందులో ఉండదు. కానీ ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలి, పీటీఓ దగ్గర ఎంత బలం రావాలి, గంటకు ఎంత డీజిల్ తాగాలి, లిఫ్ట్ ఎంత బరువు ఎత్తాలి వంటి కొలిచిన అంకెలు ఉంటాయి. మరమ్మతు అయ్యాక ట్రాక్టరు ఆరోగ్యం సరిచూసుకోవడానికి ఇంతకంటే మంచి ప్రమాణం లేదు. కంపెనీ కరపత్రంలోని గొప్పలు కావివి, స్వతంత్రంగా కొలిచిన విలువలు.

మూడో చోటు గ్రంథాలయాలు, ఆర్కైవులు. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ పత్రాల పెద్ద సేకరణ అమెరికాలోని విస్కాన్సిన్ హిస్టారికల్ సొసైటీ దగ్గర ఉంది. ఇంగ్లండ్‌లో రీడింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రామీణ జీవన మ్యూజియం అనేక వ్యవసాయ యంత్ర కంపెనీల రికార్డులను భద్రపరిచింది. మన దగ్గర బాపట్లలోని వ్యవసాయ ఇంజినీరింగ్ కళాశాల వంటి సంస్థల గ్రంథాలయాలను, పాత పాలిటెక్నిక్, ఐటీఐ వర్క్‌షాపులను అడిగి చూడవచ్చు.

నాలుగో చోటు మనుషులు. పాత డీలరు దుకాణం అటక, రిటైరైన మెకానిక్ ఇంటి ట్రంకుపెట్టె, డీజిల్ పంపులు బాగుచేసే వర్క్‌షాపు గోడ మీది చార్టు. ఇలాంటి చోట్ల దొరికే జిడ్డు మరకల పుస్తకానికి ఒక అదనపు విలువ ఉంది. అంచుల్లో పెన్సిలుతో రాసిన గుర్తులు ఆ మోడల్ మన నేలల్లో, మన దుమ్ములో ఎలా ప్రవర్తించిందో చెబుతాయి.

దొరికింది సరైనదేనా?

పుస్తకం చేతికి వచ్చాక స్పానర్ పట్టుకునే ముందు అరగంట పరీక్ష చేయడం మంచిది. ముందుగా లోపలి మొదటి పేజీల్లో ఏ సీరియల్ నంబర్ల నుంచి ఏ నంబర్ల వరకు ఈ పుస్తకం వర్తిస్తుందో రాసి ఉంటుంది. ఆ పరిధిలో మన నంబరు ఉండాలి. తర్వాత విప్పకుండానే సరిచూడగలిగిన వాటిని చూడాలి. సిలిండర్ల సంఖ్య, డీజిల్ పంపు ఏ వైపు ఉంది, ఫిల్టర్లు ఎన్ని, గేర్ లివర్ల అమరిక, ముందు, వెనుక చక్రాల మధ్య దూరం. టేపుతో కొలిచిన దూరం పుస్తకంలోని దూరంతో సరిపోవాలి. ఆ తర్వాత ఏదైనా ఒక భాగం విప్పినప్పుడు దాని బొమ్మను పోల్చి చూడాలి. అయిదు అంశాల్లో నాలుగు కలిసి ఒకటి కలవకపోతే, ఆ ఒక్క చోట యంత్రం మారిందా, పుస్తకం వేరే మోడల్‌దా అన్నది తేలేవరకు అందులోని అంకెలు వాడకూడదు.

దొరకనే దొరకకపోతే

కొన్ని ట్రాక్టర్లకు పుస్తకం నిజంగానే దొరకదు. అప్పుడు కొలవడమే దారి. విప్పుతున్నప్పుడు ప్రతి దశలో ఫోటో తీయాలి. గేర్ల మీద, టైమింగ్ చక్రాల మీద ఉన్న గుర్తులను చెదరకముందే రాసుకోవాలి. మైక్రోమీటరుతో క్రాంక్ షాఫ్టును ఎక్కువగా అరిగిన చోట, అసలు అరగని చోట కొలిస్తే అరుగుదల ఎంతో, అసలు సైజు ఎంతో అంచనాకు వస్తుంది. బోల్టు తల మీది గ్రేడు గుర్తును, దాని మందాన్ని బట్టి సురక్షితమైన బిగింపు పరిధి ఇంజినీరింగ్ పట్టికల్లో దొరుకుతుంది. డీజిల్ పంపు మీది పలకలో ఉన్న నంబరుతో పంపుల వర్క్‌షాపులో దాని పరీక్షా విలువలు అడగవచ్చు. ఇంజిన్ కంపెనీ పుస్తకంతో ఒకటి, పంపు కంపెనీ పట్టికతో ఒకటి, బేరింగ్ మీది నంబరుతో ఒకటి, ఇలా ముక్కలు ముక్కలుగా ఆ ట్రాక్టరుకు సొంత పుస్తకం తయారవుతుంది.

కాగితం మిగలాలంటే

పాత మాన్యువళ్లు ఎక్కువగా చవక కాగితం మీద అచ్చయ్యాయి. అందులోని ఆమ్లం వల్ల కాగితం పసుపుబారి పెళుసవుతుంది. దానికి తోడు నూనె, చెదలు, తేమ. దొరికిన పుస్తకాన్ని బలవంతంగా తెరిచి నొక్కకుండా, పేజీ పేజీ స్కాన్ చేసి పెట్టుకోవడం మేలు. మడతపెట్టిన వైరింగ్ బొమ్మలను వదిలేయకూడదు, అచ్చు తేదీ ఉన్న పేజీని అసలే వదలకూడదు. పుస్తకం పాతది కాబట్టి కాపీరైట్ పోయిందని అనుకోకూడదు. సొంత వాడకానికి దాచుకోవడం వేరు, అచ్చువేసి అమ్మడం వేరు.

ఈ ప్రశ్న పాత ట్రాక్టర్లతో ఆగదు. కొత్త ట్రాక్టర్లలో కంప్యూటర్ నియంత్రణ పెరిగేకొద్దీ మరమ్మతు సమాచారం కాగితం మీద కాక కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఉంటోంది. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాలను రైతులే బాగుచేసుకునే హక్కుకు చట్టం చేసింది. మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కుపై ఒక కమిటీని నియమించి, దృష్టి పెట్టవలసిన రంగాల్లో వ్యవసాయ పరికరాలను కూడా చేర్చింది. 1965 నాటి ట్రాక్టరు పుస్తకం కోసం ఈనాడు పడుతున్న కష్టం, నేటి ట్రాక్టరు కోసం 2075లో ఎవరూ పడకుండా ఉండాలంటే ఆ సమాచారం రైతుకు అందే చోట ఉండాలి.

అంతవరకు పాత ట్రాక్టరు ఉన్న ఇంట్లో చేయగల పని ఒకటుంది. ట్రాక్టరు సీరియల్ నంబరు, ఇంజిన్ నంబరు, డీజిల్ పంపు పలక నంబరు, గేర్‌బాక్సు పోత నంబరు ఒక కాగితం మీద రాసి రిజిస్ట్రేషన్ పుస్తకంతో పాటు భద్రపరచాలి. పలక తుప్పు పట్టి చెరిగిపోయాక ఎంత గొప్ప గ్రంథాలయం తలుపు తట్టినా, ఏ పుస్తకం అడగాలో తెలియదు.